మంచు పెరిగిందంటే మనకెందుకు భయం?

2021 నుంచి 2023 దాకా అంటార్కిటికాలో మంచు పెరిగింది. ఏడాదికి సగటున దాదాపు 108 గిగాటన్నులు. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. ఇది ఏ చమురు కంపెనీయో డబ్బులిచ్చి రాయించిన లెక్క కాదు. షాంఘైలోని తోంగ్‌జీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహాల కొలతల నుంచి తేల్చి 2025లో ప్రచురించిన లెక్క. ఆ మాట నిజమని ముందే ఒప్పేసుకుని మొదలుపెడుతున్నాను. ఎందుకంటే నా గొడవ ఆ మాటతో కాదు, దాన్ని చూసి కంగారుపడిన మనతో. ఆ కంగారుపడిన వాళ్లలో నేనూ ఉన్నాను.

వార్త వచ్చిన వారంలోనే మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి దాన్ని ఫార్వర్డ్ చేశాడు. కింద సొంత వ్యాఖ్య: "చూశావా అమ్మాయ్, కరుగుతోంది కరుగుతోంది అని ఊదరగొట్టారు. పెరుగుతోందట! ఇక ఏసీ తగ్గించమని నాకు చెప్పకు." దానికి నాలుగు నవ్వు ఎమోజీలు, రెండు దండాలు. నేను చూసి ఊరుకున్నాను.

రెండ్రోజుల తర్వాత ఒక కవిమిత్రుడితో టీ తాగుతూ ఈ మాటే ఎత్తాను. అతను పర్యావరణం మీద నిజంగా మనసుపెట్టి రాసేవాడు. "దాని గురించి మనం మాట్లాడకపోవడమే మంచిది. మాట్లాడితే వాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టే" అన్నాడు. తలూపాను. ఇంటికొచ్చి, అప్పట్లో రాస్తున్న వ్యాసం తెరిచి, అందులో "తూర్పు అంటార్కిటికాలో కొన్నిచోట్ల మంచు పెరుగుతోంది" అన్న వాక్యాన్ని కొట్టేశాను. అబద్ధమని కాదు. చదివేవాళ్లు తికమకపడతారని నాకు నేనే చెప్పుకున్నాను.

అసలు సంగతేమిటంటే మా బాబాయి కళ్లముందూ, నా మిత్రుడి కళ్లముందూ ఉన్న బొమ్మ ఒక్కటే. ఫ్రిజ్‌లోంచి తీసి పళ్లెంలో పెట్టిన ఐసుముక్క. వేడి తగిలితే అది తగ్గాలి. తగ్గకపోతే వేడి లేనట్టే. అందుకని ఒకాయన నవ్వుతాడు, ఇంకొకాయన దాస్తాడు. ఇద్దరికీ తెలియంది ఒకటే విషయం. బాబాయి పుస్తకాలు రాయడు కాబట్టి ఆయన్ని వదిలేద్దాం. రాసేవాళ్లం, మన సంగతేమిటి?

మన కవిత్వంలో ధ్రువాల మంచుకి ఒకే ఒక్క క్రియ ఉంది: కరగడం. మంచు కరుగుతుంది, అది భూమి కన్నీరవుతుంది, చిన్న ముక్క మీద ఒంటరి ఎలుగుబంటి నిలబడుతుంది, చివరి పాదానికి సముద్రం కవి గుమ్మం దగ్గరికి వస్తుంది. ఎవరి పేరూ చెప్పను, అలాంటిది నేనూ ఒకటి రాశాను కాబట్టి. ఎలుగుబంటి నిలబడిన ముక్క సముద్రపు నీరు గడ్డకట్టగా తయారైనది. నీళ్లమీద తేలుతుంది. గ్లాసులో ఐసుముక్క కరిగితే నీటిమట్టం పెరగనట్టే, అది కరిగినా సముద్రం చెప్పుకోదగ్గంత పెరగదు. అది పోతే ఎలుగుబంటికి కష్టమే, ఎండని తిప్పికొట్టే తెల్లదనం పోయి భూమికీ కష్టమే. కానీ మన గుమ్మంలోకి వచ్చే నీరు మాత్రం అది కాదు. ఆ నీరు నేలమీద పరుచుకున్న మంచుఫలకాలది. అవి రెండే: అంటార్కిటికా, గ్రీన్‌లాండ్. అంటార్కిటికాలో ఎలుగుబంట్లు అసలు లేవు.

ఈ గందరగోళంలో మన భాషకీ కొంత వాటా ఉంది. తెలుగులో కురిసేదీ మంచే, గడ్డకట్టిందీ మంచే, సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున హైవే మీద లారీలు కనిపించకుండా చేసేదీ మంచే. మనం మంచులో పుట్టి పెరిగినవాళ్లం కాదు కనక ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం, తప్పేం లేదు. కానీ ధ్రువాల విషయంలో ఆ ఒక్క మాట ఒక పెద్ద లెక్కని మింగేస్తోంది. పైనుంచి కురిసే మంచు వేరు, కింద పేరుకుని ఉన్న మంచుగడ్డ వేరు. మొదటిది రాబడి. రెండోది నిల్వ. పోయేది ఖర్చు. రాబడి పెరిగిందన్న వార్త నిల్వ క్షేమంగా ఉందన్న వార్త కాదు.

ఇది అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లకి పెద్ద చదువు అక్కర్లేదు. ఆగస్టులో ఏ దినపత్రికైనా తిప్పండి. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో ఎన్ని లక్షల క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఎంత, నిల్వ ఎన్ని టీఎంసీలు, అన్నీ ఉంటాయి. టీకొట్టు దగ్గర నిలబడి జనం ఆ తీసివేత నోటితో చేస్తారు. మా బాబాయికి కృష్ణా డెల్టాలో మూడెకరాలు. వర్షాకాలం వస్తే అదే ఫ్యామిలీ గ్రూపులో రోజూ పొద్దున్నే రిజర్వాయర్ల మట్టాలు పెడతాడు. "సామాన్యులకి ఇంత సూక్ష్మం అర్థంకాదు, సూటిగా ఒక్క మాట చెప్పాలి" అనే మిత్రులకి నా జవాబు ఇదే: మీరు సామాన్యులని అంటున్న మనిషికి ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో మీకన్నా బాగా తెలుసు. తెలియంది మనకి. తెలుసుకునే ఓపిక లేక, ఆ లేమిని ఆయన మీదికి నెట్టేస్తున్నాం.

ఆ రిజర్వాయరు సంగతే చూద్దాం. అంటార్కిటికా మంచుఫలకం దాదాపు కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్లు. నాలుగు భారతదేశాలు పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. సగటు మందం రెండు కిలోమీటర్లకు పైనే. అదంతా సముద్రంలో కలిస్తే నీటిమట్టం 58 మీటర్లు పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ చాలా చిన్నది, 17 లక్షల చదరపు కిలోమీటర్లు, కలిస్తే ఏడు మీటర్ల పైచిలుకు. అంటార్కిటికా మీద ఏటా కురిసే మంచు రెండువేల గిగాటన్నులకు మించి ఉంటుంది. సముద్రం నుంచి ఆరు మిల్లీమీటర్ల పొరని ఒలిచి, ఎత్తుకెళ్లి, అక్కడ పోసినంత. అది ఏడాది మీద ఏడాది పేరుకుని, కింది పొరలు బరువుకి నలిగి గట్టిపడి గడ్డవుతాయి. పెనం మీద నడిమధ్య పోసిన అట్ల పిండి తన బరువుకి తనే అంచులకి జరిగినట్టు, ఆ గడ్డ కూడా వందలు, వేల ఏళ్లపాటు నెమ్మదిగా తీరం వైపు జరుగుతుంది. అక్కడ విరిగి మంచుకొండలై తేలిపోతుంది, లేదా సముద్రంలోకి చొచ్చుకుపోయి నీటికి తగిలి కింది నుంచి కరుగుతుంది. వచ్చినంత పోతే ఫలకం నిలకడగా ఉన్నట్టు.

ఇక వేడెక్కితే ఏమవుతుంది? తూర్పు అంటార్కిటికా లోపలి పీఠభూమి మీద ఏడాది సగటే మైనస్ 50 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అక్కడి వోస్టోక్ స్టేషన్‌లో 1983 జులైలో మైనస్ 89.2 నమోదైంది. మైనస్ 50 డిగ్రీల మంచు మైనస్ 48 అయితే ఒక్క చుక్క కూడా కారదు. కానీ గాలి మారుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమని పట్టుకోగలదు. చలి వల్ల ఎడారిలా ఎండిన చోటికి తేమ ఎక్కువ చేరితే అక్కడ మంచు ఎక్కువ కురుస్తుంది. అంటే వేడెక్కుతున్న భూమ్మీద అంటార్కిటికా పైన హిమపాతం పెరగాలి. ఇది 2025లో తడబడి చెప్పుకున్న సాకు కాదు. 2001లో వచ్చిన ఐపీసీసీ మూడో నివేదికే ఈ శతాబ్దంలో అంటార్కిటికా హిమపాతం పెరిగి అక్కడి మంచు పెరిగే అవకాశం ఉందనీ, గ్రీన్‌లాండ్ తగ్గుతుందనీ రాసింది. మా బాబాయి శాస్త్రానికి చెంపపెట్టు అనుకుని ఫార్వర్డ్ చేసింది, శాస్త్రం పాతికేళ్ల కిందటే చెప్పిన మాట. ఆ జవాబు నా చేతిలోనే ఉంది. సిగ్గుపడి దాచుకున్నాను.

ఆ మూడేళ్ల మంచంతా వేడి వల్లే కురిసిందని కూడా నేననను. మూడేళ్లంటే వాతావరణం ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ ఊగే కాలం. మన రుతుపవనాల లాగే. 2009, 2011లలో తూర్పు అంటార్కిటికాలోని డ్రానింగ్ మాడ్ లాండ్ మీద మామూలుకి మించి మంచు కురిసి, రెండు విడతల్లో కలిపి సుమారు 350 గిగాటన్నులు చేరింది. ఆ ప్రాంతం మనకి పరాయిదేం కాదు. మన మైత్రి స్టేషన్ ఉన్నది అక్కడే. అంతకుముందు 1983-84లో మనవాళ్లు కట్టిన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి కూడా ఆ వైపే, తేలే మంచు మీద ఉండేది. అందులో ఒక పోస్టాఫీసు కూడా పెట్టారు. కొన్నేళ్లకే అది మంచులో కూరుకుపోతూ వచ్చింది. 1990లో వదిలేసి, రాతినేల మీద కట్టిన మైత్రికి మారాల్సొచ్చింది. అక్కడ మంచు కురుస్తూనే ఉంటుందన్నది మనకి సొంత అనుభవం.

2022 మార్చి సంగతి ఇంకా చిత్రం. తూర్పు అంటార్కిటికా నడుమ ఉన్న కాంకోర్డియా స్టేషన్‌లో ఆ నెలలో మైనస్ 50 ప్రాంతంలో ఉండాల్సిన ఉష్ణోగ్రత 18వ తేదీన మైనస్ 12 దాకా ఎక్కింది. దాదాపు 40 డిగ్రీల తేడా. దూరపు సముద్రాల నుంచి తేమని మోసుకొచ్చిన గాలి నది ఒకటి ఖండం లోపలికి చొరబడింది. లోపల దండిగా మంచు కురిసింది. అదే నెలలో, అదే తూర్పు తీరంలో కాంగర్ అనే ఐస్ షెల్ఫ్ ముక్కలైపోయింది. ఒకే గాలి ఒకచోట జమ వేసింది, ఇంకోచోట అప్పటికే నీరసించిన అంచు విరుగుతుంటే మీదపడింది. ఇందులో ఒక సగం చూపించి నవ్వేవాళ్లున్నారు. ఇంకో సగం చూపించి ఏడ్చేవాళ్లం మనం.

ఇప్పుడు ఖర్చు వైపు. అంటార్కిటికా ఖర్చులో ఎక్కువ భాగం పైనుంచి కరగడం కాదు. ఎండకి మంచు చుక్కలుగా కారే దృశ్యం అక్కడ చాలావరకు మన ఊహ. నష్టం కిందనుంచి, అంచుల నుంచి జరుగుతుంది. పశ్చిమ అంటార్కిటికాలో మంచు కూర్చున్న నేల చాలాచోట్ల సముద్రమట్టానికి దిగువన ఉంది. పైగా తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఆ నేల ఇంకా లోతవుతుంది, మూకుడులాగా. దక్షిణ సముద్రపు అడుగున కాస్త వెచ్చటి నీటి పొర ఒకటి ఉంది. వెచ్చనంటే మనం స్నానం చేసేంత కాదు, సున్నాకి ఒక డిగ్రీ అటుఇటు. మంచుకి అది చాలు. ఆ నీరు ఐస్ షెల్ఫ్‌ల కిందికి చేరి, మంచు నేలని విడిచి తేలడం మొదలుపెట్టే గీతని తొలుస్తుంది. గీత లోపలికి జరిగితే అక్కడ గడ్డ ఇంకా మందంగా ఉంటుంది. మందం ఎక్కువైతే బయటికి జారే మంచు ఎక్కువ. జారేకొద్దీ గీత ఇంకా లోపలికి.

ఈ ప్రమాదాన్ని జాన్ మెర్సర్ అనే శాస్త్రవేత్త 1978లోనే నేచర్ పత్రికలో రాశాడు. ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నది త్వెయిట్స్ గ్లేసియర్ మీద. దాని విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్ కన్నా ఎక్కువ. అదొక్కటే మొత్తం పోతే సముద్రం 65 సెంటీమీటర్లు పెరుగుతుంది.

ఇక్కడ 'కరగడం' అనే మాట ఎంత చేతకానిదో లార్సెన్-బి చూపించింది. అంటార్కిటిక్ ద్వీపకల్పంలోని ఆ ఐస్ షెల్ఫ్ 2002 మొదట్లో దాదాపు నెలరోజుల్లో 3,250 చదరపు కిలోమీటర్ల మేర పగిలిపోయింది. అప్పటికే తేలుతున్నది కాబట్టి అది పగలడం వల్ల సముద్రం పెరగలేదు. కానీ దాని వెనక ఉన్న గ్లేసియర్లు అడ్డు తొలగేసరికి కొన్ని రెట్లు వేగంగా సముద్రంలోకి జారడం మొదలుపెట్టాయి. అది తలుపుకి అడ్డంపెట్టిన బండ లాంటిది. బండకి సొంత విలువేం లేదు, తీస్తేగానీ దాని పనేమిటో తెలియదు. మన కవితల్లో ఎక్కడైనా జారడం, నెట్టుకురావడం, అడ్డు తొలగడం ఉన్నాయా? కన్నీటి చుక్కే గానీ గేటు కొట్టుకుపోయిన డ్యామ్ లేదు. కడెం ప్రాజెక్టుకి ఎప్పుడు ఏ గండం వచ్చిందో నోటికి చెప్పగలిగిన జనం మధ్య ఉండి మనం ఆ బొమ్మని వాడుకోలేకపోయాం.

గ్రీన్‌లాండ్ కథ వేరు. అక్కడ మాత్రం పైనుంచి కరగడం నిజంగానే ఉంది. నష్టంలో సుమారు సగం అదే, మిగతా సగం విరిగిపడటం. కరిగిన ఉపరితలం నల్లబడి ఇంకా ఎండని తాగుతుంది. ఎత్తు తగ్గినకొద్దీ మంచు వెచ్చటి గాలిలోకి దిగుతుంది. 2019 ఒక్క ఏడాదిలో అక్కడ పోయింది 532 గిగాటన్నులు. 360 గిగాటన్నులు పోతే ప్రపంచ సముద్రాలు ఒక మిల్లీమీటరు పెరుగుతాయి, ఆ లెక్కన ఒక్క ఏడాదిలో మిల్లీమీటరున్నర. 2021 ఆగస్టు 14న గ్రీన్‌లాండ్ ఫలకం శిఖరం మీద, మూడువేల మీటర్లకు పైనున్న స్టేషన్ దగ్గర, వాన పడింది. మంచు కాదు, వాన. అక్కడ రికార్డుల్లో అదే మొదటిసారి. కవిమిత్రులు కన్నీళ్ల ప్రతీకని అట్టే పెట్టుకోదలిస్తే గ్రీన్‌లాండ్‌కి పెట్టుకోవచ్చు. రెండు ధ్రువాలకీ ఒకే పద్యం చెల్లదు.

ఈ లెక్కలన్నీ ఎవరు తూచారు, ఏ కాటాతో? 2002లో అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాల్ని పంపాయి. ఒకదాని వెనక ఒకటి, మధ్య దాదాపు 220 కిలోమీటర్ల ఎడం. కింద బరువెక్కువ ఉన్నచోటికి రాగానే ముందుది కాస్త ముందుకి గుంజుకుపోతుంది. ఆ ఎడంలో వెంట్రుక మందం కన్నా తక్కువ మార్పుని పట్టి, నేలమీది బరువు ఎంత మారిందో లెక్కకడతారు. 2018 నుంచి వాటి వారసులు ఆ పనిలో ఉన్నాయి. లేజర్లు, రాడార్లతో మంచు ఎత్తుని కొలిచే వాళ్లు వేరే. కురిసిందెంత, జారిందెంత అని విడివిడిగా కట్టి తీసివేసేవాళ్లు ఇంకో జట్టు. మూడూ ఒక్కటే చెప్పాలని రూలేం లేదు. 2015లో నాసాకే చెందిన జే జ్వాలీ బృందం ఎత్తు కొలతలతో లెక్కగట్టి అంటార్కిటికా 2003-08 మధ్య ఏటా 82 గిగాటన్నులు లాభపడిందని ప్రకటించింది. గ్రేస్ లెక్కలు దానికి పూర్తిగా ఎదురు. పెద్ద వాదం జరిగింది. పెరిగిన ఎత్తు తేలికైన కొత్త మంచుదా, బరువైన గడ్డదా? కింద నేలే నెమ్మదిగా లేస్తుంటే దాన్ని ఎంత మినహాయించాలి? తర్వాత వచ్చిన ఉమ్మడి అంచనాలు నష్టం వైపే తేల్చాయి. జ్వాలీ బృందం కూడా అంచుల్లో నష్టం అలాగే పెరిగితే ఇరవై ముప్ఫై ఏళ్లలో లాభం హరించుకుపోతుందనే రాసింది.

నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఎవరు నెగ్గారన్నది కాదు. తమ పక్షానికి ఇబ్బంది కలిగించే అంకెని ఎవరూ అల్మారాలో పెట్టి తాళం వేయలేదు. అచ్చువేశారు, బహిరంగంగా కొట్లాడుకున్నారు. మనమో, వాళ్ల పేరు చెప్పుకుని కవితలు రాస్తూ, వాళ్లు అచ్చువేసిన వాక్యాన్ని మన డ్రాఫ్టులోంచి కొట్టేస్తున్నాం. సైన్స్‌ని నమ్ముతున్నామంటాం, నమ్మేది మాత్రం సైన్స్‌లో మనకి నచ్చిన పేజీని.

దాచడం వల్ల పోయేదేమిటో చూడండి. అదే తోంగ్‌జీ పేపర్లో, లాభం అంకెకి పక్కనే ఇంకో రెండు అంకెలున్నాయి. 2002-10 మధ్య ఏటా సుమారు 74 గిగాటన్నుల నష్టం. 2011-20 మధ్య ఏటా 142. అంటే ఇరవై ఏళ్లలో పోయిందానిలో ఆ మూడేళ్లు తెచ్చింది ఆరో వంతు కూడా కాదు. ఆ 108లో కూడా కొలత తేడా అటూ ఇటూ 75 గిగాటన్నులు ఉందని వాళ్లే రాశారు. పైగా తూర్పున తోటన్, డెన్మన్ లాంటి గ్లేసియర్ల దగ్గర నష్టం ఎంత పెరిగిందో వివరించడానికే ఆ పేపర్లో సగం పోయింది. ఫార్వర్డ్‌లో ఇవేవీ లేవు. మనం వార్తని మొత్తంగా ఎత్తి చెప్పి ఉంటే ఇవన్నీ చెప్పే అవకాశం వచ్చేది. మౌనంగా ఉండి మైదానం ఫార్వర్డ్‌కే వదిలేశాం. కర్ర వాళ్ల చేతికి ఇచ్చింది నిజానికి మన మౌనమే.

అన్ని పద్ధతులూ కలిపి, రెండు ఫలకాలూ కలిపి వేసిన ఉమ్మడి లెక్క కూడా ఉంది. 1992 నుంచి 2020 దాకా పోయింది 7,560 గిగాటన్నులు, సముద్రం 21 మిల్లీమీటర్లు పెరిగింది. "ఇంతేనా?" అనిపిస్తుంది. 1992-96లో ఏటా 105 గిగాటన్నులు పోతే, 2016-20లో ఏటా 372. మూడున్నర రెట్లు. అప్పు చేసినవాడికి అసలు ఎంతన్నది కాదు, వడ్డీ పెరిగే తీరు ముఖ్యం.

నా మిత్రుడు మళ్లీ అంటాడని తెలుసు: "ఇవన్నీ కరెక్టే. కానీ ప్రమాదం ముంచుకొస్తుంటే నసుగుళ్లు దేనికి? భయపెట్టాలి." భయపెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. నేను చెప్పేది, నిజమే ఎక్కువ భయపెడుతుందని. 2007లో ఐపీసీసీ ఈ శతాబ్దాంతానికి 18 నుంచి 59 సెంటీమీటర్ల పెరుగుదల అని అంకె ఇచ్చింది, మంచు వేగంగా జారిపోయే అవకాశాన్ని అందులో కలపలేదని పక్కనే రాసి మరీ. అప్పటికి దాన్ని లెక్కగట్టే దారి లేక. 2021 నివేదికలో, ఉద్గారాలు బాగా పెరిగితే రెండు మీటర్లకి దగ్గరగా వెళ్లడాన్ని కూడా కొట్టిపారేయలేమని రాశారు. ఈ తేడా అంతా ఆ గేట్ల గురించిన తేడా. ఎండకి కరిగే ఐసుముక్కకి ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది. పగుళ్లిచ్చిన గేటుకి ఉండదు. మన 'కరగడం' నిజానికి పాఠకుణ్ణి జోకొడుతోంది. కరుగుతుందిలే, మెల్లగా, వందేళ్లకి.

ఇంకో నష్టం దగ్గర్లోనే ఉంది. ఉప్పాడలో కూలిన ఇంటి గోడని నేరుగా ధ్రువాల ఖాతాలో రాసేయడం మనకి అలవాటైంది. సముద్రం పెరగడం ఒక కారణమే. కానీ గోదావరి, కృష్ణల ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోవడం, కొత్త మట్టి రాక డెల్టాలు కుంగడం, తీరం వెంట ఇసుక నడిచే దారి మారడం, ఇవన్నీ మన చేతుల మీదుగా జరిగినవి. వాటికి మంత్రులూ, కాంట్రాక్టులూ, ఫైళ్లూ ఉన్నాయి. అంతా అంటార్కిటికా కన్నీరే అని రాస్తే ఎక్కువ సంతోషించేది ఎవరు? అడగాల్సిన ప్రశ్న అడగకుండా తప్పించుకోవడానికి పన్నెండువేల కిలోమీటర్ల అవతలి మంచు చాలా సౌకర్యంగా ఉంటుంది.

దూరానికి సంబంధించిన మాటే ఇంకొకటి. మంచుఫలకం ఎంత బరువంటే చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుంది. మంచు పోతే ఆ లాగుడు తగ్గుతుంది. అందుకని గ్రీన్‌లాండ్ మంచు పోతే గ్రీన్‌లాండ్ తీరంలో సముద్రం పెరగదు, తగ్గుతుంది. ఆ నీరు దూరాలకి వెళ్తుంది. రెండు ధ్రువాలకీ దూరంగా ఉన్న ఉష్ణమండలపు తీరాలకి సగటు కన్నా కాస్త ఎక్కువ వాటా వస్తుంది. ఇది న్యాయం, అన్యాయం తెలియని గురుత్వాకర్షణ. ఏ ప్రతీకా తగిలించకుండా ఉన్నదున్నట్టు చెప్తే చాలు, వినేవాడికి నిద్ర పట్టదు.

చివరికి బాబాయికి జవాబు రాశాను. రెండు నెలలు ఆలస్యంగా. "నువ్వు పెట్టింది నిజమే బాబాయ్. ఇన్‌ఫ్లో పెరిగింది. కానీ ఔట్‌ఫ్లో ఇరవై ఏళ్లుగా అంతకన్నా ఎక్కువ, గేట్ల దగ్గర పగుళ్లున్నాయి" అని మొదలుపెట్టి, పై అంకెలన్నీ పెట్టాను. గ్రూపులో ఎవరూ నవ్వలేదు, దండాలూ పెట్టలేదు. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. ఆయన ఒప్పేసుకున్నాడని చెప్పను. చైనావాళ్ల లెక్కలు ఎంతవరకు నమ్మాలో అని ఒక పది నిమిషాలు సాగదీశాడు. తర్వాత, "మరి ఆ గేట్లు ఎప్పుడు పోతాయంటున్నారు?" అని అడిగాడు. తేదీ ఎవరూ చెప్పలేరన్నాను. కాసేపు ఊరుకుని, "77లో కూడా ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు బాబాయికి పద్నాలుగేళ్లు. ఆ మూడెకరాలూ ఆ వైపే. ఉప్పెన తుపాను వల్లే వస్తుంది, మంచుఫలకాల వల్ల కాదు. కానీ అది లేచేది సముద్రం అప్పటికి ఎక్కడుంటే అక్కడినుంచి. ఈ సంగతి ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది.

నేను కొట్టేసిన వాక్యాన్ని ఆ వ్యాసంలో మళ్లీ పెట్టాను. దాని కింద తీసివేత కూడా వేశాను. కవిమిత్రుడికి చూపిస్తే పెదవి విరిచాడు, దీంతో కవిత్వం చచ్చిపోతుందన్నాడు. ఇంత చిన్న తీసివేతకి చచ్చిపోయే కవిత్వమైతే ఉప్పెన ముందు అది ఏపాటిది అని నేనడిగాను. మా ఇద్దరి మధ్యా ఆ గొడవ ఇంకా నడుస్తోంది.